ఇండియాలో కుటుంబం, నెత్తిన అప్పులు: అమెరికా సెక్యూరిటీ క్లియరెన్స్‌కి ముందు ఏం సర్దుకోవాలి

అమెరికా పౌరసత్వం వచ్చాక డిఫెన్స్ ప్రాజెక్టులు చేసే కంపెనీలో చేరే తెలుగువాళ్లకు మొదట వచ్చే అనుమానం ఒకటే. "అమ్మానాన్నలు ఇండియాలోనే ఉన్నారు, అక్కడ స్థలం కూడా ఉంది. నాకు క్లియరెన్స్ ఇస్తారా?" ఇస్తారు. ఇలాంటి నేపథ్యంతో క్లియరెన్స్, అంటే ప్రభుత్వ రహస్య సమాచారం చూసే అనుమతి, తెచ్చుకుని పనిచేస్తున్నవాళ్లు చాలామందే ఉన్నారు. అప్పుల గురించి మాత్రం ఎవరూ ముందుగా అడగరు. దరఖాస్తులు ఎక్కువగా చిక్కుకునేది అక్కడే.

పరిశీలించేవాళ్లు చూసేది మీ మంచితనాన్ని కాదు. మీ మీద ఒత్తిడి తేవడానికి బయటివాళ్లకు ఎక్కడైనా పట్టు దొరుకుతుందా అన్నదే వాళ్ల ప్రశ్న. ఊళ్లో ఉన్న తల్లిదండ్రులు ఒక పట్టు, కట్టలేని అప్పు ఇంకో పట్టు. ఇంటికి డబ్బు పంపుతూ ఇక్కడ క్రెడిట్ కార్డులు ఎగ్గొడుతున్నారంటే రెండూ ఒకే ముడిలో పడ్డట్టు. దరఖాస్తు ఫారం తెరవకముందే ఆ ముడి విప్పుకోవాలి.

1. ముందు అర్హత చూసుకోండి

క్లియరెన్స్ అమెరికా పౌరులకే. గ్రీన్ కార్డు మీదో హెచ్-1బీ మీదో ఉన్నవాళ్లకు రాదు. మీ అంతట మీరు దరఖాస్తు చేసుకోవడమూ కుదరదు. ప్రభుత్వ సంస్థగానీ, అనుమతి ఉన్న కాంట్రాక్టు కంపెనీగానీ ఉద్యోగ అవసరాన్ని బట్టి మీ పేరు పంపాలి. డబ్బు తీసుకుని క్లియరెన్స్ ఇప్పిస్తామనేవాళ్లు కనిపిస్తే దూరంగా ఉండండి.

కంపెనీ పేరు పంపాక ఈ-యాప్ అనే వెబ్‌సైటులో ఎస్‌ఎఫ్-86 ఫారం నింపాలి. విచారణ చేసేది ఎక్కువగా డీసీఎస్‌ఏ అనే రక్షణ శాఖ సంస్థ. కంపెనీలో ఈ వ్యవహారాలు చూసే అధికారిని ఎఫ్‌ఎస్‌ఓ అంటారు. ఏ సందేహమైనా ముందు ఆయన్నే అడగండి, అడిగింది ఈమెయిల్‌లో అడగండి.

2. ఏ కొలబద్దతో కొలుస్తారో చదవండి

2017 జూన్ 8 నుంచి అమల్లో ఉన్న సీడ్-4 అనే ఆదేశంలో ఎ నుంచి ఎమ్ దాకా 13 మార్గదర్శకాలున్నాయి. మీకు ముఖ్యమైనవి నాలుగు. బి విదేశీ ప్రభావం గురించి, సి విదేశం వైపు మొగ్గు గురించి, ఇ నడవడిక, నిజాయితీ గురించి, ఎఫ్ ఆర్థిక విషయాల గురించి. ఒక్కోదాని కింద ఏవి అభ్యంతరాలో, వాటిని ఏవి తగ్గిస్తాయో విడివిడిగా రాశారు. రెండో భాగాన్ని శ్రద్ధగా చదవండి, మీ కాగితాలన్నీ దాని ప్రకారమే పోగుచేయాలి. ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి: క్లియరెన్స్ ఎవరికీ హక్కు కాదని 1988లో ఈగన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అనుమానం మిగిలితే తీర్పు దేశ భద్రత వైపే వెళ్తుంది. అనుమానం మిగలకుండా చూసుకోవాల్సింది మీరే.

3. బంధువుల పట్టిక రాసుకోండి

ఫారంలో 18వ సెక్షన్ బంధువులది. తల్లి, తండ్రి, సవతి తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, అత్తమామలు ఇందులోకి వస్తారు. చనిపోయినవాళ్ల పేర్లు కూడా రాయాలి. భార్య లేదా భర్త వివరాలు 17వ సెక్షన్‌లోకి వెళ్తాయి. అన్నయ్య అని పిలిచినా పెదనాన్న కొడుకు 18లోకి రాడు. బాబాయి, మేనమామ, బావమరిది, తోడికోడలు కూడా రారు. వాళ్లతో దగ్గరి రాకపోకలు ఉండి, వాళ్లు అమెరికా పౌరులు కాకపోతే 19వ సెక్షన్‌లో రాయాలి.

ఆ 19 దగ్గరే మనవాళ్లు ఎక్కువగా తడబడతారు. అది గత ఏడేళ్లలో మీకుగానీ, మీ భార్యకో భర్తకోగానీ ఆప్యాయత వల్లో, పలుకుబడి వల్లో, ఉమ్మడి ఆసక్తి వల్లో, బాధ్యత వల్లో దగ్గరగానో, తెంపులేకుండానో సంబంధమున్న విదేశీయుల గురించి. విదేశీయులంటే విదేశంలో ఉండేవాళ్లే అనుకుంటారు. కాదు. అమెరికా పౌరుడు కానివాడు ఎక్కడున్నా విదేశీయుడే. డాలస్‌లో పక్కవీధిలో ఉంటూ హెచ్-1బీ మీద పనిచేసే మీ ఇంజనీరింగ్ క్లాస్‌మేట్, ప్రతి శనివారం పిల్లలతో మీ ఇంటికొస్తుంటే, అతని పేరు అందులో ఉండాలి. రెండువందల మంది ఉన్న కాలేజీ వాట్సాప్ గ్రూపులో పండక్కి శుభాకాంక్షలు పెట్టే వాళ్లందరినీ ఎక్కించక్కర్లేదు.

ఇండియాలో ఉన్న ఒక్కో బంధువుకీ పాస్‌పోర్టులో ఉన్నట్టు పూర్తి పేరు, పుట్టిన తేదీ, ఊరు, చిరునామా, ఎలా మాట్లాడుకుంటారు, ఎన్నాళ్లకోసారి, ఏ ఉద్యోగం, ప్రభుత్వంతోగానీ సైన్యంతోగానీ రక్షణ పరిశ్రమతోగానీ నిఘా సంస్థతోగానీ సంబంధం ఉందా అన్నది కావాలి. తేదీల్లో ఒక చిక్కుంది. పెద్దవాళ్లకు బళ్లో వేసిన తేదీ ఒకటి, అసలు పుట్టింది ఇంకొకటి. పాస్‌పోర్టులోనో ఆధార్‌లోనో ఉన్న తేదీ వేసి, తేడా ఉంటే వివరణ గడిలో ఒక వాక్యం రాయండి. ఏ తేదీ తెలియకపోతే అంచనా అని గుర్తు పెట్టే గడి ఉంది. ఇంటిపేరు ఒకచోట ముందు, మరోచోట వెనక రాస్తే ఇద్దరు మనుషులుగా లెక్కపడుతుంది. మీ పౌరసత్వ పత్రంలో నాన్నగారి పేరు ఎలా ఉంటే అన్నిచోట్లా అలాగే రాయండి.

ఉద్యోగం గడిలో "రిటైర్డ్" అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. ఇలా రాస్తే విచారణాధికారికి రెండో ప్రశ్న ఉండదు: "జిల్లా పరిషత్ హైస్కూల్ హెడ్‌మాస్టర్‌గా 2012లో రిటైరయ్యారు. రాష్ట్ర ప్రభుత్వ పెన్షన్ వస్తుంది. సైన్యంతో, నిఘా సంస్థలతో సంబంధం లేదు. వారానికి రెండుసార్లు వాట్సాప్ వీడియో కాల్. నేను అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తానని తెలుసు, ఏ ప్రాజెక్టో తెలియదు."

హైదరాబాద్, విశాఖ కుటుంబాలు ఇక్కడ మరింత జాగ్రత్తగా ఉండాలి. హైదరాబాద్‌లో డీఆర్‌డీవో ప్రయోగశాలలు, భారత్ డైనమిక్స్, మిధాని, ఈసీఐఎల్, ఎన్‌ఎఫ్‌సీ ఉన్నాయి. విశాఖలో తూర్పు నౌకాదళం ఉంది. నాన్నగారో మామగారో వీటిలో పనిచేసి ఉంటే సంస్థ పేరు, హోదా, రిటైరైన ఏడాది, పెన్షన్ రాయాల్సిందే. అది తిరస్కరణకు దానంతటదే కారణం కాదు. మామగారు అకౌంట్స్ విభాగంలో గుమస్తాగా చేసి పదిహేనేళ్ల కిందట దిగిపోయారంటే ఒక లెక్క. తమ్ముడు ఇప్పుడు అక్కడే క్షిపణి డిజైన్‌లో పనిచేస్తున్నాడంటే లెక్క వేరు. కానీ దాచింది బయటపడితే రెండూ ఒకటే అవుతాయి.

అత్తమామలతో పెద్దగా మాట్లాడనని చెప్పి తప్పించుకోవడం కుదరదు. భార్య పుట్టింటివాళ్లతో, భర్త తల్లిదండ్రులతో మీకు అనుబంధం ఉంటుందనే, క్లియరెన్స్ కేసుల్లో అప్పీళ్లు తేల్చే అప్పీల్ బోర్డు మొదట అనుకుంటుంది. కాదని మీరు రుజువు చేయాలి.

4. బరువు ఇటువైపే ఉందని కాగితం మీద చూపండి

సీడ్-4లో బి కింద ఊరటనిచ్చే అంశాల్లో బలమైనది, అమెరికాలో మీకున్న లోతైన, దీర్ఘకాలపు బంధాలు. మాటల్లో చెబితే సరిపోదు. ఎడమవైపు ఇండియా, కుడివైపు అమెరికా పెట్టి ఒక పేజీ పట్టిక తయారుచేయండి. ఎన్నేళ్లుగా ఇక్కడున్నారు, ఎప్పుడు పౌరసత్వం వచ్చింది, పిల్లలు ఎక్కడ పుట్టారు, ఏ స్కూల్లో చదువుతున్నారు, ఇల్లు, 401(కె) రిటైర్మెంట్ పొదుపు, బ్యాంకు నిల్వలు, ఓటు, సేవా కార్యక్రమాలు. అవతలివైపు ప్లాటు, ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు, ఉమ్మడి ఆస్తిలో వాటా. ఉదాహరణకు నగర శివార్లలో 50 వేల డాలర్ల విలువైన 200 గజాల ప్లాటు ఉండి, ఇక్కడి ఆస్తి నికరంగా 6 లక్షల డాలర్లైతే, ఆ ప్లాటు కోసం మీరు లొంగుతారని ఎవరూ అనుకోరు. అంకెలు తలకిందులైతే అడుగుతారు.

విదేశీ ఆస్తులు 20ఎ సెక్షన్‌లోకి వెళ్తాయి. అక్కడ "ఎప్పుడైనా" అని అడుగుతారు, ఏడేళ్ల గడువు లేదు. అమ్మేసినదీ రాయాలి. సేల్ డీడ్, ఈసీ, పట్టాదారు పాస్‌బుక్ కాపీలు దగ్గర పెట్టుకోండి. తెలుగులో ఉన్నవాటికి ఇంగ్లిష్ అనువాదం సిద్ధం చేసుకోండి. తాతగారి పొలం ఇంకా పంచుకోలేదు కాబట్టి మీది కాదనుకోకండి. వాటా రావాల్సి ఉంటే "పంపకం కాలేదు, నా వాటా అంచనా ఇంత" అని రాయండి.

ఇక్కడే చాలామందికి వచ్చే ఆలోచన, ఫారం నింపే ముందు ప్లాటు తమ్ముడి పేరు మీదకు మార్చేయడం. దయచేసి ఆ పని చేయకండి. అనుభవించేది మీరే అయితే పేరు మార్చినా అది మీ ఆస్తే. మార్చిన తేదీ చూడగానే ఎందుకని అడుగుతారు. ఆస్తి ఉంచుకోవడంలో తప్పు లేదు. నిజంగా అమ్మాలనుకుంటే అమ్మండి, డబ్బు ఎక్కడికెళ్లిందో కాగితాలు ఉంచండి.

ఊరికి పంపే డబ్బు కూడా 20ఎలోనే. విదేశీయులకు ఎప్పుడైనా ఆర్థిక సాయం చేశారా అని ఉంటుంది. అమ్మకు నెలకు 300 డాలర్లు మందులకు పంపుతుంటే "అవును" అనే రాయాలి.

విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇండియా ఇచ్చే ఓసీఐ కార్డు గురించి రెండు మాటలు. వేరే దేశ పౌరసత్వం తీసుకున్న రోజే భారత పౌరసత్వం పోతుంది, 1955 పౌరసత్వ చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం. ఓసీఐ పౌరసత్వం కాదు. అందుకని పాత భారత పాస్‌పోర్టు సరెండర్ సర్టిఫికెట్ కాపీ ఉంచుకోండి, ఓసీఐ ఉన్న సంగతి వివరణ గడిలో రాయండి. కాన్సులేట్‌కి ఆ పనుల మీద వెళ్లి ఉంటే ఆ మాట కూడా ఒక వాక్యంలో రాసేయడం మేలు.

5. అప్పులన్నీ ఒకచోట పెట్టండి

ముందు అమెరికా వైపు. మూడు క్రెడిట్ బ్యూరోల రిపోర్టులు వారానికోసారి ఉచితంగా తీసుకోవచ్చు. మూడూ తీసి పక్కపక్కన పెట్టండి. ఒకదాంట్లో ఉన్న కలెక్షన్ ఖాతా (వసూలు ఏజెన్సీకి వెళ్లిన బాకీ) ఇంకోదాంట్లో ఉండకపోవచ్చు. తర్వాత ఇండియా వైపు సిబిల్ రిపోర్టు తీయండి, ఏడాదికి ఒకటి ఉచితం.

ఫారంలో 26వ సెక్షన్ అడిగేవి ఇవి: గత ఏడేళ్లలో దివాలా, పన్ను రిటర్న్ వేయకపోవడం, కోర్టు తీర్పులు, కలెక్షన్‌కి వెళ్లిన ఖాతాలు, జప్తు అయిన వాహనం, 120 రోజులు దాటిన బకాయి. మీరు ఒక్కరే తీసుకున్నవే కాదు, ఇంకొకరికి హామీగా సంతకం పెట్టినవి కూడా లెక్కలోకి వస్తాయి. ఈ ఒక్క మాట మనవాళ్లను బాగా ఇబ్బంది పెడుతుంది. బావగారి వ్యాపార రుణానికి మీరు హామీదారు. ఆయన కట్టడం మానేసి ఏడాదైంది. మీకు ఒక్క ఫోనూ రాలేదు. అయినా అది మీ బకాయే. చిట్‌ఫండ్‌లో మీరు హామీ ఉన్న మనిషి చీటీ పాడుకుని కట్టకపోయినా అంతే.

ఎంఎస్ చదువుకు ఇండియాలో బ్యాంకు నుంచి తీసుకున్న ఎడ్యుకేషన్ లోన్ ఇంకో పాత గాయం. 90 రోజులు కట్టకపోతే బ్యాంకు దాన్ని ఎన్‌పీఏగా (మొండి బకాయిగా) వర్గీకరిస్తుంది, తాకట్టులో నాన్నగారి ఇల్లు ఉండొచ్చు. అమెరికా క్రెడిట్ రిపోర్టులో అది కనిపించదు. కనిపించదని వదిలేసినవాళ్ల మీదికి రెండు అభియోగాలు వస్తాయి, ఒకటి అప్పు కింద, రెండోది దాచినందుకు ఇ కింద. వన్ టైమ్ సెటిల్‌మెంట్ చేసుకుంటే ఆ ఉత్తరం, డబ్బు కట్టిన రసీదు, నో డ్యూస్ సర్టిఫికెట్, మూడూ తీసుకోండి.

ప్రామిసరీ నోటు మీద రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవీ, చేబదుళ్లూ కూడా రాసుకోండి. అవి నోటి మాట మీద నడుస్తాయి కాబట్టి ఇప్పుడే అప్పిచ్చినవాళ్ల దగ్గర బాకీ ఎంతో రాయించి, ఇకనుంచి చెల్లింపులు బ్యాంకు ద్వారా చేయండి.

ఒక్కో అప్పుకీ ఒక వరుస: ఎవరికి, అసలు ఎంత, ఇప్పుడు ఎంత, ఎప్పటి నుంచి ఆగింది, ఎందుకు ఆగింది, ఏం ఏర్పాటు చేశారు, రుజువు ఏది. ఎందుకు ఆగిందన్న గడి చాలా ముఖ్యం. ఉద్యోగం పోవడం, జబ్బు, మరణం, విడాకులు లాంటి చేతిలో లేని కారణాలను నిబంధనలు పరిగణిస్తాయి. కానీ ఆ తర్వాత మీరు బాధ్యతగా ఏం చేశారన్నది కూడా చూస్తాయి. లేఆఫ్ ఉత్తరం ఒక్కటే చాలదు. ఉద్యోగం మళ్లీ వచ్చాక ఎన్నో నెలలో కట్టడం మొదలుపెట్టారో బ్యాంకు స్టేట్‌మెంటు చెప్పాలి.

ఇంత మొత్తం దాటితే తిరస్కరణ అనే గీత ఎక్కడా లేదు. అన్నీ తీర్చేసి ఉండాలని కూడా లేదు. సహేతుకమైన ప్రణాళిక ఉండి, దాని ప్రకారం కొన్ని నెలలుగా కడుతున్నట్టు కనిపించాలి. "క్లియరెన్స్ వస్తే జీతం పెరుగుతుంది, అప్పుడు కడతాను" అన్న మాటకు విలువ లేదు. ఏడేళ్లు దాటి రిపోర్టులోంచి జారిపోయిందన్నా, కాలపరిమితి చట్టం కింద ఇక వసూలు చేయలేరన్నా ఒప్పుకోరు. చార్జ్-ఆఫ్ అయిందంటే బ్యాంకు తన లెక్కల్లోంచి తీసేసిందని మాత్రమే, మీ బాకీ తీరిందని కాదు. బ్యాంకు మాఫీ చేసి, ఆ సంగతి తెలిపే 1099-సి అనే పన్ను ఫారం పంపితే ఆ మొత్తాన్ని ఆదాయంగా చూపారా అని అడుగుతారు.

అప్పులు చేయి దాటితే లాభాపేక్ష లేని క్రెడిట్ కౌన్సెలింగ్ సంస్థను కలవండి. అప్పు తగ్గించి తీర్పిస్తామనే సెటిల్‌మెంట్ కంపెనీలు చాలావాటి పద్ధతి ముందు కట్టడం మానేయమనడం. వాళ్ల మాట విని ఆపేస్తే నాలుగు నెలల్లో మీ ఖాతాలన్నీ 120 రోజుల గీత దాటేస్తాయి, ఫారం నింపే సమయానికి అంతకన్నా చెడ్డ పరిస్థితి ఉండదు.

నెలవారీ బడ్జెట్ కాగితం ఒకటి తప్పక చేయండి, విచారణలో ఎలాగూ అడగొచ్చు. ఇంటికి పంపే డబ్బు అందులో ఒక వరుసగా ఉండాలి. చెల్లెలి పెళ్లికి 20 వేల డాలర్లు పంపి, అదే ఏడాది రెండు కార్డులు కట్టడం మానేశారని స్టేట్‌మెంట్లలో కనిపిస్తే, ఒత్తిడి వస్తే మీ కుటుంబం కోసం ఏమైనా చేస్తారన్న అనుమానానికి మీరే ఆధారం ఇచ్చినట్టు. ఇక్కడి బకాయిలు ఒక దారికి వచ్చేదాకా పంపేది తగ్గించండి. ఇంట్లో చెప్పడం కష్టమే. కానీ ఆరు నెలలు సగం పంపడం, ఉద్యోగం పోయాక ఏమీ పంపలేకపోవడం కన్నా నయం.

6. పన్నులు

ఇండియాలో ఎఫ్‌డీ వడ్డీ, అద్దె అమెరికా రిటర్న్‌లో చూపాలి. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల నివేదిక వేయాలి. నాన్నగారితో జాయింటుగా ఉన్న ఖాతా, మీరు సంతకం చేయగలిగిన ఖాతా కూడా లెక్కే. పెద్ద నిల్వలుంటే పన్ను రిటర్న్‌తో పాటు ఫారం 8938 వేరే. ఏళ్ల తరబడి వేయకపోతే సీపీఏను (పన్నుల అకౌంటెంటును) కలిసి, పాత తప్పులు సరిదిద్దుకోవడానికి పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ పెట్టిన స్ట్రీమ్‌లైన్డ్ పద్ధతి మీకు వర్తిస్తుందేమో చూడండి, దాన్ని ఫారంకన్నా ముందే మొదలుపెట్టండి. 20ఎలో ఎన్‌ఆర్‌ఓ ఖాతా రాసి, ఎఫ్‌బార్ మాత్రం ఎప్పుడూ వేయలేదంటే ఆ రెండు కాగితాలూ ఒకదాన్నొకటి పట్టిస్తాయి.

7. ఫారం, ఇంటర్వ్యూ

నింపాక పూర్తి కాపీ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. విదేశీ ప్రయాణాలు ఏడేళ్లవి 20సిలో, నివాసం పదేళ్లది 11లో. తెలిసి అబద్ధం రాయడం ఫెడరల్ నేరం, ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. మర్చిపోయినది గుర్తొస్తే, విచారణాధికారి అడిగేదాకా ఆగకండి. ఇంటర్వ్యూలో కూర్చోగానే "నా చిన్నాన్న పేరు రాయడం మర్చిపోయాను" అని చెప్పండి. వాళ్లు చూపించాక ఒప్పుకోవడం వేరు, మీరే చెప్పడం వేరు. అడిగినదానికి సూటిగా జవాబు చెప్పి ఆగండి. ఇండియా మిత్రదేశం కదా అని వాదనకు దిగకండి. మిత్రదేశాలు కూడా సమాచారం సేకరిస్తాయని వాళ్లకు తెలుసు. ఇండియాకు రష్యాతో ఉన్న రక్షణ సంబంధాలు, పారిశ్రామిక గూఢచర్యం లాంటివి వాళ్ల ఫైల్లోనే ఉంటాయి.

8. అభియోగ పత్రం వస్తే

మీకు క్లియరెన్స్ ఇవ్వడానికి ఉన్న అభ్యంతరాలను ప్రభుత్వం రాసి పంపే ఆ పత్రాన్ని ఎస్‌ఓఆర్ అంటారు. కాంట్రాక్టర్ ఉద్యోగులకు జవాబివ్వడానికి 20 రోజులు. ఒక్కో అంశానికీ ఒప్పుకుంటున్నారో కాదంటున్నారో విడిగా రాసి, ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. జడ్జి ఎదుట విచారణ (హియరింగ్) కావాలో, కాగితాల మీదే తేల్చమంటారో అందులోనే చెప్పాలి. మా సలహా ఆ హియరింగ్ అడగమనే. మనిషిని ఎదురుగా చూసి నమ్మకం కుదరాల్సిన విషయాలివి. కాగితాల దారి ఎంచుకుంటే ప్రభుత్వ ఫైలు అందాక 30 రోజుల్లో మీ చివరి ఆధారాలు పంపాలి.

ఈ దశలో లాయర్ ఖర్చు దండగ కాదు. తీర్పు వ్యతిరేకంగా వస్తే 15 రోజుల్లో అప్పీల్ నోటీసు ఇవ్వాలి. అప్పీల్ బోర్డు కొత్త ఆధారాలు తీసుకోదు. అందుకే నో డ్యూస్ సర్టిఫికెట్ హియరింగ్ రోజుకే చేతిలో ఉండాలి. చివరికీ రాకపోతే ఏడాది తర్వాత మళ్లీ ప్రయత్నించవచ్చు.

9. వచ్చాక

ఇప్పుడు ఐదేళ్లకో పదేళ్లకో కాదు, నిరంతరం పరిశీలిస్తారు. ఇండియా వెళ్లే ముందు తేదీలు, విమానాలు, ఎవరింట్లో ఉంటారో ఎఫ్‌ఎస్‌ఓకి చెప్పి వెళ్లండి. ఏ బకాయి అయినా 120 రోజులు దాటితే, దివాలా తీస్తే చెప్పాలి. మీ క్లియరెన్స్ టాప్ సీక్రెట్ స్థాయిదైతే విదేశీ ఖాతా తెరిచినా, విదేశంలో ఆస్తి వచ్చినా, వారసత్వం లాంటి దారిలో 10,000 డాలర్లు అంతకుమించి చేతికొచ్చినా చెప్పాలి. దానికన్నా కిందిదైన సీక్రెట్ స్థాయిలో ఉన్నా ఇవి చెప్పడమే మంచిది. ఊళ్లో పంపకాలు జరిగి పొలం మీ పేరు మీద రిజిస్టర్ అయితే, దస్తావేజు కాపీతో ఆ వారమే ఈమెయిల్ పంపండి.